మైనంలో ముక్క

జులై 5, శనివారం

గొంతులో ఆ మందు చేదు ఇంకా పోలేదు. స్ప్రే కొట్టి మింగమన్నారు. నాలుక మొద్దుబారింది. తర్వాత ఆ నల్ల గొట్టం. కళ్ల వెంట, ముక్కు వెంట నీళ్లు, నోట్లోంచి చొల్లు. ఇంత వయసొచ్చిన మనిషిని పసిపిల్లలా పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎవరో కుర్ర నర్సు మూతి తుడిచింది. బతుకులో ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

ఏడాదిగా కడుపులో మంట. మందుల షాపులో గులాబీ రంగు సీసా కొనుక్కుని తాగుతూ వచ్చాను. తాండూరులో నేను పనిచేసే నాపరాళ్ల పాలిష్ యూనిట్ ఆఫీసు నుంచి ఆస్పత్రి నడిచేంత దూరమే. అయినా పోలేదు. చివరికి నవీన్ బస్సు డిపోలో సెలవు పెట్టి, వికారాబాద్ నుంచి నాతోపాటు రైలెక్కి, చెయ్యి పట్టుకుని మరీ తీసుకుపోయాడు. ఇరవై ఏళ్ల కాపురంలో చెయ్యి పట్టుకుని ఎక్కడికైనా తీసుకుపోయాడంటే ఇదే.

డాక్టర్ సుశాంత్ ఫోటో చూపించాడు. ఎర్రటి గోడ మీద పసుపుపచ్చటి మచ్చ, కందిబద్ద అంత. కందిపప్పుకు పేరుపడ్డ తాండూరులో ఆస్పత్రిలోనైనా కందిబద్ద కాక ఇంకేం కనబడుతుంది అని నవ్వబోయాను. మొద్దు గొంతుతో నవ్వు రాలేదు. ఇలాంటిది తాను ఎక్కువగా చూడలేదనీ, చిన్న ముక్క తీసి హైదరాబాద్ ల్యాబ్‌కు పంపుతున్నాననీ చెప్పాడు.

జులై 9

ఆఫీసుకు పోతున్నాను, వస్తున్నాను. రిపోర్టు వచ్చిందా అని నవీన్ రోజూ అడుగుతున్నాడు, అదేదో నేను దాచుకుని ఇవ్వనట్టు.

జులై 14, సోమవారం

వచ్చింది. డాక్టర్ రెండుసార్లు చదువుకున్నాడు. అప్పుడే నాకు చెమట పట్టింది.

ఆ ముక్కలో కొన్ని కణాలు ఉబ్బి, లోపలి చుక్క ఒక అంచుకు జరిగి, రాయి పొదిగిన ఉంగరాల్లా కనబడ్డాయట. ఒక రకం క్యాన్సర్‌లో అలాంటివే ఉంటాయట. అదేనని చెప్పలేం, కాదనీ చెప్పలేం అని రాశారు. తీసిన ముక్కను మైనంలో పెట్టి దాస్తారట. దాన్నుంచే ఇంకా పలచటి పొరలు కోసి, వేరే రంగులు వేసి చూస్తే సంగతి తేలుతుందట.

మళ్లీ గొట్టం వేస్తారా అని అడిగాను. నా భయం అదీ.

"అక్కర్లేదమ్మా. అదే ముక్క చాలు. తేలేదాకా ఎవరికీ చెప్పకండి. మీరు కూడా ఆ పేరు తలుచుకోకండి" అన్నాడు.

నవీన్ పక్కనే ఉన్నాడు. ఎంత విన్నాడో తెలియదు. ధారూర్ స్టేషన్ రాకముందే పాస్టరయ్యకు ఫోన్ కలిపాడు. రైలు చప్పుడుకు గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. బోగీ మొత్తం నా వైపు తిరిగింది. కిటికీ దగ్గర కూర్చున్న ఒకాయన లేచి నాకు చోటిచ్చాడు.

జులై 15

ఎవరికీ చెప్పొద్దన్నాడు డాక్టర్. పొద్దున పాలావిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

జులై 18, శుక్రవారం

మా ఇంట్లో ఉపవాస ప్రార్థన. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. చెప్పులు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాయి.

దేవిక వదిన వచ్చింది. నవీన్ సొంత అక్క, ఉండేది రెండు వీధుల అవతల. కానీ వాళ్ల కొడుకు నిశ్చితార్థంలో నన్ను ఫోటోకు పిలవలేదని నేనొక మాట అన్నప్పటి నుంచి మా గడప తొక్కలేదు. ఇవాళ వచ్చి నన్ను కరుచుకుని ఏడ్చింది. "తప్పంత నాదే రెబెక్కా" అంది. సగం నాదే. కానీ చెప్పలేదు. అలా ఏడుస్తుంటే మధ్యలో ఎలా చెప్పడం?

నవాబుపేట అవతలి ఊరు నుంచి భాగమ్మత్త మొదటి బస్సుకే వచ్చింది. నవీన్‌కు చిన్నమ్మ. వాళ్ల అమ్మ పోయాక మాకు పెద్దదిక్కు ఆమే. పత్తి చేలలో కూలికి పోయే మనిషి. రోజంతా గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ప్రార్థిస్తూనే ఉంది. సాయంత్రం ఉపవాసం విడిచాక అందరూ తిన్నారు. ఆమె మాత్రం రెండు మెతుకులు నోట్లో పెట్టుకుని, కంచం పక్కకు జరిపింది.

"నీ సంగతి ఇన్నప్పటి సంది ముద్ద దిగుతలేదు బిడ్డా" అంది.

నా మీద ఇంత ప్రేమ ఉందని నాకు తెలియదు. ఆమె జాకెట్ చేతులు కూడా వదులైపోయాయి, దిగులుతో. వంటింట్లో అందరికీ చెప్పాను, భాగమ్మత్త నా కోసం తిండి మానేసిందని.

జులై 22

యూనిట్ ఓనరు సెలవిచ్చాడు. నవీన్ నా బట్టలు ఉతుకుతున్నాడు. దేవిక వదిన రోజూ ఏదో ఒకటి చేసి పంపిస్తోంది. నిన్న పచ్చిపులుసు, ఇవాళ తాలింపు వేసిన శనగ గుడాలు. కడుపు మంటకు రెండూ పడవు. రెండూ తిన్నాను.

రాత్రి భయం వేస్తుంది, అది నిజం. కానీ పొద్దున లేవగానే ఇవాళ ఎవరెవరు వస్తారా అని ఎదురుచూస్తున్నాను. ఇదీ నిజమే. రాసుకోవడానికే సిగ్గుగా ఉంది. నేను చచ్చిపోతానంటే తప్ప నన్నెవరూ పట్టించుకోరా అని కోపం కూడా వస్తోంది. మళ్లీ, పట్టించుకుంటున్నారు కదా, ఉండనీ అనిపిస్తోంది.

జులై 26, శనివారం

నవీన్‌కు డ్యూటీ. ఒక్కదాన్నే తాండూరు పోయాను.

కాదట. క్యాన్సర్ కాదట.

దాని పేరు జాంథోమా. మూడుసార్లు పలికించాడు డాక్టర్. కడుపు లోపలి పొరలో కొవ్వు మింగిన కణాలు కొన్ని ఒకచోట గుంపు కడతాయట. అందుకే ఆ పసుపు రంగు. అరుదుగా కనబడుతుంది, దాంతో ఏ హానీ ఉండదు, కోసి తీసేయక్కర్లేదు అన్నాడు. మామూలు రంగులో చూస్తే ఆ ఉబ్బిన కణాలు ఉంగరాల్లా అనిపిస్తాయట, అందుకే అనుమానం. కొత్త రంగులు వేస్తే తేలిపోయింది. మంట ఆ మచ్చది కాదు, కడుపులో ఉన్న ఒక క్రిమిది. దానికి మందులు రాశాడు. వచ్చే ఏడు ఒకసారి చూపించుకోమన్నాడు. పస్తులు మాత్రం ఉండొద్దన్నాడు.

"మా వాళ్లంతా నా కోసం ఉపవాసం ఉన్నారు డాక్టర్" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఆయన నవ్వలేదు. "మంచిదేనమ్మా, మనిషికి ధైర్యం. కానీ ఇది మొదటి నుంచీ ఇదే. అప్పుడు చూసిందీ ఇప్పుడు చూసిందీ ఒకే ముక్క కదా" అన్నాడు.

స్టేషన్ బయట మిర్చి బజ్జీలు తిన్నాను. ప్రాణం లేచి వచ్చింది. రైల్లో కూర్చున్నాక, ఇక దేవిక వదిన గిన్నె పంపదు కదా అన్న ఆలోచన వచ్చింది. ఛీ అనుకున్నాను. అయినా ధారూర్ దాకా అదే ఆలోచన.

ఇంటికొచ్చేసరికి నవీన్, దేవిక వదిన వంటింట్లో ఉన్నారు. క్యాన్సర్ లేదంట అన్నాను. అంతే అన్నాను. నవీన్ గ్యాస్ పొయ్యి పక్కనే మోకాళ్ల మీద కూలబడ్డాడు. "తీసేసిండు. ప్రభువు తీసేసిండు" అంటూ నేలకు నుదురు ఆనించాడు. అసలు ముందు నుంచీ లేదు అని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా వదిన వచ్చి నన్ను వాటేసుకుంది. ఆమె భుజానికి ఆనుకుని మూతి మూసుకున్నాను. రేపు చెప్తాను.

జులై 27, ఆదివారం

దేవుడు చేసిన మేలు గురించి చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. మొదటి రిపోర్టులో అలా ఉంది, ప్రార్థన చేశారు, రెండో రిపోర్టులో లేదు. ఇందులో అబద్ధం ఏముంది? రెండూ కాగితం మీద ఉన్నవే.

భాగమ్మత్త కూడా వచ్చింది. ఆడవాళ్ల వైపు ముందు వరుసలో చాప మీద కూర్చుని, నేను మాట్లాడినంతసేపూ రెండు చేతులూ ఎత్తే ఉంచింది.

జులై 29

అబద్ధం ఏమీ లేదు.

ఆగస్టు 3, ఆదివారం

వచ్చే ఆదివారం కొడంగల్‌లో ప్రార్థన కూడిక. సాక్ష్యం చెప్పడానికి నన్ను రమ్మన్నారట. నవీన్ నన్ను అడక్కుండానే సరే అన్నాడు. అడిగినా సరే అనేదాన్నే.

ఆగస్టు 10, ఆదివారం

కొడంగల్ వెళ్లి వచ్చాం. టెంటు వేశారు, పెద్ద మైకు. ఈసారి బాగా చెప్పాను. ఎక్కడ ఆగాలో తెలిసింది. గొట్టం సంగతి దగ్గర ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. ఉంగరాల సంగతి దగ్గర నిశ్శబ్దం. ఆ తర్వాత కాస్త ఆగి, గొంతు తగ్గించి, రెండో రిపోర్టు.

అయిపోయాక ఒక ముసలావిడ వచ్చింది. కన్నడంలో ఏదో చెప్తూ, నా చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. తీసేద్దామనుకున్నాను. ఆవిడ కళ్లు మూసుకుని ఉంది. చుట్టూ అందరూ చూస్తున్నారు. తీయలేదు. ఏవో నాలుగు మాటలు ప్రార్థన కూడా చేశాను.

ఆ పొట్ట వేడి నా అరచేతికి ఇంకా ఉన్నట్టే ఉంది. సబ్బుతో కడిగాను.

ఆగస్టు 16, శనివారం

భాగమ్మత్త కొడుకు అంజిలయ్య ఫోన్ చేశాడు. నవాబుపేటలో ట్రాక్టరు తోలుతాడు. అవసరం లేకపోతే ఫోన్ చేసే మనిషి కాదు.

"వదినా, సోమారం అమ్మకు తాండూర్ల గొట్టం ఏసెటి డేటుంది. నీ డాక్టర్ దగ్గర్నే. పోనంటుంది" అన్నాడు.

ఏమైందని అడిగాను. వానలకు ముందు నుంచే ముద్ద దిగడం లేదట. తిన్నది కక్కుతోందట. విరేచనం తారులా నల్లగా పోతోందట. చీర కట్టుకుంటే నిలవడం లేదట. అతి కష్టం మీద చూపిస్తే, గొట్టం వేసి చూడాల్సిందే అన్నాడట డాక్టర్.

"రెబెక్కకు గంత పెద్దది ప్రార్థనతోని పోయింది, నాకు గొట్టమెందుకు రా అంటుంది. నీ మాటైతె ఇంటది. జర నువ్వు చెప్పు వదినా."

సరే అని ఫోన్ పెట్టేశాను.

వానలకు ముందు నుంచే. అంటే మా ఇంట్లో ప్రార్థన రోజున కంచం జరిపింది నా మీద ప్రేమతో కాదు. ఆమెకు ముద్ద దిగడం లేదు. అలాంటి మనిషి రోజంతా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా నా కోసం కూర్చుంది. నేనేమో దాన్ని వంటింట్లో గొప్పగా చెప్పుకున్నాను.

ఆగస్టు 18, సోమవారం

ఇవాళే ఆమె డేటు. నేను ఫోన్ చేయలేదు. ఆమె పోలేదు.

గత నెల ఇరవై ఏడో తారీఖున ఇక్కడ రాసింది తప్పు. జరిగింది జరిగినట్టు చెప్పలేదు నేను. మైకు పట్టుకున్నాక పాస్టరయ్య "మరి ఆ గడ్డ ఏమైందమ్మా" అని అడిగారు. అందరూ నన్నే చూస్తున్నారు. దేవిక వదిన కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. "పోయింది. దేవుడు తీసేసిండు, మాయమైంది" అన్నాను. ఈ నోటితోనే అన్నాను. మచ్చ ఎక్కడికీ పోలేదు. కందిబద్ద అంత మచ్చ ఇప్పుడూ నా కడుపులో ఉంది, ఉంటుంది కూడా. ముక్క హైదరాబాద్‌లో మైనంలో ఉంది. ప్రార్థన జరిగే నాటికే అది నాలోంచి బయటికి పోయింది. మొదటిసారి చూసిందీ దాన్నే, రెండోసారి చూసిందీ దాన్నే. ఇదంతా నాకు డాక్టర్ గదిలోనే అర్థమైంది. అర్థం కాలేదని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను.

ఆగస్టు 19

ఫోన్ చేయలేదు.

ఆగస్టు 20

నవాబుపేటకు బస్సులు సరిగ్గా లేవట. ఎవరన్నారంటే, ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను.

ఆగస్టు 23, శనివారం

పోయాను.

ఇంటి ముందు వేపకొమ్మల నీడలో నులక మంచం మీద పడుకుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. లేచేటప్పుడు మోచేతి ఎముక కనబడింది. నాకు చాయ్ పెట్టమని కోడల్ని కేకేసింది. తన కోసమే చాలా దూరం నుంచి దేవుని మనిషి వచ్చినట్టు నా చేతులు రెండూ కళ్లకు అద్దుకుంది. ఆ చేతులు నరికేసుకోవాలనిపించింది.

అర్రలోకి తీసుకుపోయి తలుపు దగ్గరకు వేసి చెప్పాను. నాకు క్యాన్సర్ ఎప్పుడూ లేదని, అది ఉత్త కొవ్వు మచ్చ అని, మొదట చూసినవాళ్లకు అనుమానం వచ్చిందంతే అని, దేవుడు తీసేశాడని నేను అన్నది అబద్ధమని. మైనం సంగతి కూడా చెప్పాను. అంతా విన్నది. నా తల నిమిరింది.

"నన్ను దవాఖానకు తోలనీకి గిట్ల చెప్తున్నవ్. నాకెర్క. అంజిలయ్య చెప్పమన్నడు" అంది.

కాదు అత్తమ్మా, నిజం అన్నాను. ఏడుపు వచ్చింది. ఆమె కొంగుతో నా కళ్లు తుడిచింది.

"అంత మందిల, దేవుని ఇంట్ల నిలబడి అబద్ధమాడ్తవా నువ్వు? ఆడవు. ఆడితె గీ అర్రల ఆడ్తవ్, నా పానం మీద తీపితోని. మైకుల చెప్పిందే నిజం బిడ్డా."

నా మీద ఆమెకున్న నమ్మకమే ఆమెను చంపేలా ఉంది. చాయ్ తాగి వచ్చేశాను. తాగకపోతే బాధపడుతుందని తాగాను. ఎవరినీ బాధపెట్టకూడదనేగా నేను ఇదంతా చేసింది.

ఆగస్టు 24, ఆదివారం

చర్చిలో లేచి చెప్పేద్దామని పోయాను. పొద్దున నవీన్‌కు మొత్తం చెప్పాను. దేవుడు మైనంలో ఉన్న ముక్కను మార్చలేడా అని అడిగాడు. మార్చగలడేమో. కానీ మొదటి పొరల్లో ఉన్నవీ రెండోసారి పొరల్లో ఉన్నవీ ఒకటే కణాలట, ఏమీ మారలేదట. మారింది చూసినవాళ్ల అనుమానమే. అది చెప్పాను. ఇప్పుడు లేచి చెప్తే దేవుని పేరు పోతుందన్నాడు. నా పేరు పోతుందని నేను భయపడుతున్నాను. ఇద్దరం దేవుని పేరే చెప్పుకుంటున్నాం.

లేవలేదు.

ఆగస్టు 28, గురువారం

భాగమ్మత్త పత్తి సాళ్లలో కళ్లు తిరిగి పడిపోయిందట. అంత ఒంటితో కలుపుకు పోయింది. ప్రార్థనతో నయమైపోతున్న మనిషి ఇంట్లో పడుకోకూడదని పోయిందట. అంజిలయ్య ఈసారి ఏమీ అడగలేదు. చెప్పి పెట్టేశాడు.

ఆదివారం ఆమెను ఎలాగైనా ఆటోలో మా చర్చికి తీసుకురమ్మని మళ్లీ నేనే ఫోన్ చేసి చెప్పాను.

ఆగస్టు 29, శుక్రవారం

పాస్టరయ్య ఇంటికి పోయాను. ఆయన నన్ను తిడతారని, ఆపుతారని పోయాను. ఆపితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అంతా విన్నారు. పాస్టరమ్మ లోపలి నుంచి మంచినీళ్లు తెచ్చి, మా ముఖాలు చూసి, అక్కడే నిలబడిపోయింది.

"నేను రిపోర్టు చూడలేదమ్మా. సంతోషంల అడగలేదు. అడగాల్సి ఉండె" అన్నారు. ఆయన ముఖం నల్లబడింది. ఆదివారం మైకు ఇస్తానన్నారు.

ఆగస్టు 31, ఆదివారం

చెప్పాను.

ఈసారి ఆగాల్సిన చోట్లు ఏవీ గుర్తు లేవు. నాకు క్యాన్సర్ రాలేదు, పోలేదు. మీరంతా పస్తులున్నది నిజం. నేను చెప్పింది అబద్ధం. నన్ను చూసి మందులు మానేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి దవాఖానకు పోండి. ఇంతే. మైకు గుయ్‌మంది. ఎవరో చిన్నపిల్లాడు నవ్వాడు, వాళ్లమ్మ వాణ్ని కొట్టింది.

దేవిక వదిన లేచి బయటికి పోయింది. పోతూ నా వైపు చూడలేదు. నవీన్ తలొంచుకుని, ప్రార్థన అయిపోయేదాకా ఎత్తలేదు. పాస్టరయ్య లేచి తప్పు తనది కూడా అన్నారు. అది విన్నాక నాకు ఇంకా సిగ్గేసింది. ఎందుకంటే ఆయన తప్పు దాంట్లో పిసరంత.

భాగమ్మత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అందరూ పోయేదాకా అలాగే ఉంది. దగ్గరికి పోయి కూర్చున్నాను. అప్పుడు అడిగింది.

"అయితె ఆనాడు నేను పస్తున్నది దేనికి బిడ్డా?"

  తర్వాత కొడుకు భుజం పట్టుకుని లేచి, తాండూరుకు ఎప్పుడు పోవాలో కనుక్కోమని వాడికి చెప్పింది. నాకు కాదు.

సెప్టెంబర్ 3

కొడంగల్ కూడికవాళ్లకు ఫోన్ చేసి చెప్పాను. ఆ కన్నడ ముసలావిడ ఎవరో వాళ్లకు తెలియదట. అటు కర్ణాటక వైపు నుంచి వచ్చి ఉంటుందన్నారు. వెతకమని బతిమాలాను. చూస్తామన్నారు.

సెప్టెంబర్ 6, శనివారం

భాగమ్మత్తను తాండూరు తీసుకుపోయాం. గొట్టం వేసేటప్పుడు నన్ను లోపలికి రానిచ్చారు. ఆమె నా చెయ్యి పట్టుకుంది. కోపంతో కాదు, ప్రేమతోనూ కాదు. అక్కడున్నది నా చెయ్యే కాబట్టి పట్టుకుంది. మూతి నేను తుడిచాను.

డాక్టర్ ఫోటో చూపించాడు. నా మచ్చలా లేదు. కడుపు కింది ద్వారం దగ్గర పెద్ద పుండు, అంచులు లేచి, మధ్యలో గుంట. ముక్కలు తీసి పంపాడు. నాకు చెప్పినట్టు ఎవరికీ చెప్పొద్దని ఈసారి చెప్పలేదు. ఈసారి చూడగానే ఆయనకు తెలిసిపోయింది, అందుకే ఆ మాట దాటేశాడని నాకు అర్థమైంది.

సెప్టెంబర్ 15, సోమవారం

ఈ రిపోర్టులో అనుమానం లేదు. వేరే రంగులు అక్కర్లేదు.

ఇంకా పక్కలకు పాకినట్టు లేదట. హైదరాబాద్ పెద్దాస్పత్రిలో ఆపరేషన్ చేయడానికి వీలుంటుందని డాక్టర్ అన్నాడు. మొదటి డేటుకే వచ్చి ఉంటే వేరేగా ఉండేదా అని అంజిలయ్య అడిగాడు. అది చెప్పలేనన్నాడు డాక్టర్. ఉండేది కాదు అని అంటే నేను ఆయన కాళ్లకు మొక్కేదాన్ని. అంజిలయ్య నా వైపు చూడలేదు. చూస్తే బాగుండు.

రైల్లో తిరిగి వస్తుంటే నేనే అడిగాను, ఆదివారం చర్చిలో నీ కోసం ప్రార్థన పెట్టమని చెప్పనా అని. భాగమ్మత్త కిటికీలోంచి చూస్తూ ఉంది. బయట కంది చేలు పచ్చగా ఉన్నాయి.

"నువ్వు చెప్పకు. నా సంగతి నేనే చెప్త. తగ్గితె నేనే చెప్త, తగ్గకున్నా నేనే చెప్త" అంది.

మళ్లీ ఆమే, నీ మంట ఎట్లుంది, మందులు వాడుతున్నవా అని అడిగింది. వాడుతున్నానన్నాను. 

సెప్టెంబర్ 21, ఆదివారం

ఆమే చెప్పింది. మైకు అక్కర్లేదంది. కడుపుల క్యాన్సర్, శుక్రవారం కోస్తరు, ప్రార్థన చెయ్యిండ్రి. ఇంతే చెప్పి కూర్చుంది. నా పేరు తీయలేదు.

దేవిక వదిన ఆమెకు డబ్బా నిండా జావపిండి తెచ్చి ఇచ్చింది. నా పక్కనుంచే పోయింది.

సెప్టెంబర్ 26, శుక్రవారం

పొద్దున భాగమ్మత్తను ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయారట. నవీన్, అంజిలయ్య అక్కడున్నారు. చర్చిలో ఉపవాస ప్రార్థన. నేను పోలేదు. పోతే నన్ను చూస్తారు. ఆఫీసుకు పోయాను. మధ్యాహ్నం తోటివాళ్లు టిఫిన్ డబ్బా విప్పమంటే ఇంటి దగ్గరే తిని వచ్చానన్నాను. ఈ మధ్య నేను ఆడిన అబద్ధం ఇదొక్కటే.

పస్తులుండొద్దని డాక్టర్ చెప్పాడు. సాయంత్రానికి కడుపు భగభగమంది. రైల్లో వంగి కూర్చుంటే పక్కనున్నావిడ ఏమైందని అడిగింది. కడుపు మంట అన్నాను.

ఇప్పుడే నవీన్ ఫోన్. ఆపరేషన్ అయింది, ఇంకా స్పృహ రాలేదు, రేపటిదాకా ఏమీ చెప్పరట. తిన్నావా అని అడిగాడు. తిన్నానన్నాను. పైన ఒక్కటే అని రాశాను, రెండయ్యాయి. గిన్నెలో అన్నం అలాగే ఉంది. ఆమె కళ్లు తెరిచిందని ఫోన్ వస్తే తింటాను.